పరిమిత వనరులతో షెడ్యూలింగ్, 4వ పాఠం: ఖాళీగా వదిలిన వనరు, కదలని సెర్చ్

పోయినసారి చివర్లో ఇచ్చిన నాలుగు పనుల లెక్కకి (అన్నీ కలిపి ఎంత తక్కువ రోజుల్లో పూర్తవుతాయి?) మీరు పంపిన జవాబుల్లో ఎక్కువ భాగం 12 రోజులు. సరైన జవాబు 10. కొందరు 10 అని రాశారు కానీ ఎలా వచ్చిందో చెప్పలేదు, 9 అని రాసినవాళ్ళూ ఉన్నారు (అది కుదరదు, క, చ, ప అనే పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగాలి కాబట్టి వాటికే 1+4+5 కలిపి 10 పడుతుంది). ఈ పాఠాన్ని నేరుగా లోకల్ సెర్చ్‌తో (చేతిలో ఉన్న జవాబుని కొద్దికొద్దిగా మారుస్తూ మెరుగైనదాన్ని వెతకడం) మొదలుపెట్టాలని అనుకున్నాను. కానీ ఆ 12 వెనక ఉన్న ఆలోచనని అలాగే పెట్టుకుని సెర్చ్ రాస్తే, ప్రోగ్రామ్ ఎన్ని గంటలు తిరిగినా సరైన జవాబు ఉన్న వైపుకి వెళ్ళనే వెళ్ళదు. అందుకని ముందు దాని సంగతి తేల్చుకుందాం.

లెక్క మళ్ళీ ఒకసారి. వనరు ఒకటే, ఎప్పుడైనా 2 యూనిట్లు మాత్రమే ఉంటాయి. మొదలుపెట్టిన పనిని మధ్యలో ఆపకూడదు.

క: 1 రోజు, 1 యూనిట్
చ: 4 రోజులు, 2 యూనిట్లు, క అయ్యాకే
ట: 3 రోజులు, 1 యూనిట్, దేనితోనూ సంబంధం లేదు
ప: 5 రోజులు, 1 యూనిట్, చ అయ్యాకే

12 ఇలా వచ్చింది. 0 దగ్గర క మొదలవుతుంది, ఇంకో యూనిట్ ఖాళీగా ఉంది కదా అని ట కూడా మొదలుపెట్టేశారు. 1వ రోజుకి క అయిపోతుంది, కానీ చ పనికి 2 యూనిట్లు కావాలి, ఒకటి ట చేతిలో 3వ రోజు దాకా ఇరుక్కుని ఉంది. కాబట్టి చ 3 నుంచి 7, ప 7 నుంచి 12.

10 ఇలా వస్తుంది. 0 నుంచి 1 దాకా క ఒక్కటే. రెండో యూనిట్ ఆ రోజంతా ఖాళీ. 1 నుంచి 5 చ. 5 దగ్గర ప, ట రెండూ కలిసి మొదలవుతాయి, ట 8కి, ప 10కి అయిపోతాయి. అంతే.

ఇప్పుడు అసలు విషయం, దీని మీద కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే ఈ ఒక్క అపోహ షెడ్యూలింగ్ నేర్చుకునేవాళ్ళని పట్టుకున్నంతగా ఇంకేదీ పట్టుకోదు. "వనరు ఖాళీగా ఉంది, మొదలుపెట్టడానికి పని సిద్ధంగా ఉంది, మరి ఎందుకు ఆగాలి?" అని అడుగుతున్నారు. ఆగాలి, ఎందుకంటే మీరు ఇప్పుడు మొదలుపెట్టే పని ఈ ఒక్క రోజుని మాత్రమే తీసుకోదు, తను అయిపోయేదాకా ఆ యూనిట్‌ని వదలదు. 0వ రోజున ఖాళీగా కనిపించిన యూనిట్ నిజానికి ఒక్క రోజుకే ఖాళీ, 1వ రోజు నుంచి అది చ పనికి కావాలి. 1 రోజు ఖాళీలో 3 రోజుల పనిని దూర్చారు, మిగిలిన 2 రోజులు చ మీద పడ్డాయి, చ వెనక ఉన్న ప మీద కూడా పడ్డాయి. 12కీ 10కీ మధ్య తేడా సరిగ్గా ఆ 2 రోజులే.

సరే, అయితే ఆగడమే మంచిదా? అదీ కాదు. ఇదే లెక్కలో ప పని నిడివిని మాత్రం మార్చి చూడండి. ప 5 రోజులైతే ఆగితే 10, ఆగకపోతే 12. ప 3 రోజులైతే 8, 10. ప 2 రోజులైతే 8, 9. ప 1 రోజే అయితే రెండూ 8, ఆగినా ఆగకపోయినా ఒకటే. ప అసలు లేకపోతే ఆగినవాళ్ళకి 8, ఆగనివాళ్ళకి 7, అంటే ఈసారి ఆగడమే నష్టం. 0వ రోజున మీ ముందున్న పరిస్థితి అన్ని సందర్భాల్లోనూ ఒకటే, అదే క, అదే ట, అదే ఖాళీ యూనిట్. ఏది మంచిదో తేల్చింది మాత్రం ఎక్కడో వెనక ఉన్న ప పని పొడవు. ఆ క్షణంలో ఉన్నదాన్ని మాత్రమే చూసి నిర్ణయం తీసుకునే ఏ నియమమూ దీన్ని ప్రతిసారీ సరిగ్గా చెప్పలేదు. సెర్చ్ ఎందుకు కావాలి అంటే ఇందుకే, రెండు రకాలుగానూ కట్టి చూసి ఏది చిన్నదో పోల్చుకోవడానికి.

మీలో చాలామంది చేసినది సమాంతర పద్ధతి, నేను అడిగింది వరుస పద్ధతి. సమాంతర పద్ధతిలో గడియారం ముందుకి జరుగుతుంది, ప్రతి ఆగుదలలోనూ పట్టినన్ని పనులు మొదలుపెట్టేస్తాం, వెనక్కి చూడం. పై లెక్కలో దానికి ఏ ప్రాధాన్య నియమం (ఏ పనిని ముందు తీసుకోవాలో చెప్పేది) ఇచ్చినా 12 మాత్రమే వస్తుంది, ఎందుకంటే 0 దగ్గర క, ట రెండూ పడతాయి, ఏది ముందు తీసుకున్నా రెండోది కూడా మొదలైపోతుంది. వరుస పద్ధతిలో గడియారం ఉండదు, జాబితా ఉంటుంది. జాబితాలో ముందున్న పనిని తీసుకుని, తన ముందుపనులు అయ్యాక వనరు చాలే అన్నిటికంటే ముందు సమయంలో, అవసరమైతే ఇంతకుముందు పెట్టిన పనుల మధ్య ఖాళీలోనైనా సరే, పెడతాం. తర్వాత రెండో పని. దాని తర్వాత మూడోది.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫలితం పెద్దది. మొత్తం కాలాన్ని తగ్గించాలి అనే లక్ష్యానికి, వరుస పద్ధతిలో పెడితే అత్యుత్తమ షెడ్యూల్‌ని ఇచ్చే జాబితా ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. సమాంతర పద్ధతికి ఆ హామీ లేదు, అది చేరగలిగే షెడ్యూళ్ళ గుంపులో అత్యుత్తమమైనది లేకపోవచ్చు, ఇక్కడ లేదు. అలాగని సమాంతర పద్ధతిని పారేయకండి. 1996లో కోలిష్ అనే పరిశోధకుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించినప్పుడు, ఒకే ఒక్కసారి నియమం పెట్టి కట్టి వదిలేసే సందర్భంలో, ముఖ్యంగా వనరులు బిగువుగా ఉన్నచోట, సమాంతర పద్ధతి బాగా చేసింది. ఎక్కువసార్లు కట్టి చూసే కొద్దీ వరుస పద్ధతిది పైచేయి అయింది. మనం ఎక్కువసార్లు కట్టబోతున్నాం, కాబట్టి ఈ ధారావాహికలో ఇకనుంచి కట్టడం అంటే వరుస పద్ధతే.

ఇంకో తడబాటు, దీనికి రెండు ముక్కలు చాలు. వరుస పద్ధతిలో ఒక సమయంలో పని పడుతుందా అని చూసేటప్పుడు మొదటి రోజు మాత్రమే కాదు, ఆ పని నిడివి మొత్తం చూడాలి. క, చ, ట, ప జాబితాలో ట వంతు వచ్చేసరికి 0వ రోజున యూనిట్ ఖాళీగానే ఉంది, కానీ 1వ రోజున లేదు. అందుకే అది 5కి వెళ్తుంది. కోడ్ రాసేవాళ్ళు రోజుకి ఒక గడి ఉండే మామూలు అర్రేలో వాడకం రాసుకుంటే చాలు, నిడివులు వేలల్లోకి వెళ్ళేదాకా అంతకంటే తెలివైన ఏర్పాటు అక్కర్లేదు. నేను ఎప్పుడూ అలాగే మొదలుపెడతాను, తప్పులు వెతుక్కోవడం తేలిక.

ఇక సెర్చ్.

మనం వెతికేది షెడ్యూళ్ళలో కాదు, జాబితాల్లో. ఒక జాబితా సరైనది కావాలంటే ప్రతి పనీ తన ముందుపనుల తర్వాతే ఉండాలి, అంతకుమించి నిబంధన లేదు. వనరుల సంగతి కట్టేటప్పుడు దానంతట అదే తేలిపోతుంది. పనికి ఒక అంకె ఇచ్చి ఆ అంకెల ప్రకారం కట్టే పద్ధతి కూడా ఉంది, దాంట్లో ముందుపనుల గొడవే ఉండదు. అయినా నేను జాబితానే వాడతాను. 1998లో హార్ట్‌మన్ జెనెటిక్ అల్గారిథమ్‌లో (ఉన్న జవాబుల్ని కలిపి కొత్తవి పుట్టించే పద్ధతి) రకరకాల రూపాలని పోల్చినప్పుడు జాబితా రూపమే ముందుంది.

మన లెక్కలో సరైన జాబితాలు నాలుగే. క, చ, ప వరుస మారదు, ట మాత్రం ఎక్కడైనా ఉండొచ్చు.

ట క చ ప: 12
క ట చ ప: 12
క చ ట ప: 10
క చ ప ట: 10

ఈ నాలుగు వరుసల్ని నిదానంగా చూడండి. మొదటి రెండింటికీ షెడ్యూల్ అచ్చంగా ఒకటే, చివరి రెండింటికీ ఒకటే. నాలుగు జాబితాలు, రెండే షెడ్యూళ్ళు. పనులు పెరిగేకొద్దీ ఇది మరీ ఎక్కువవుతుంది, ఒకే షెడ్యూల్‌కి వేల జాబితాలు ఉంటాయి.

ఇప్పుడు పక్కపక్క పనులని తారుమారు చేస్తూ, మెరుగైతేనే ఒప్పుకునే సెర్చ్‌ని ట క చ ప నుంచి మొదలుపెట్టండి. క, చ తారుమారు చేయలేం, చ, ప తారుమారు చేయలేం. మిగిలింది ట, క మాత్రమే. చేస్తే క ట చ ప, మళ్ళీ 12. మెరుగు కాలేదు కాబట్టి ఒప్పుకోదు. సెర్చ్ అక్కడే ఆగిపోయింది, 10 రెండే అడుగుల దూరంలో ఉండగా. మెరుగు కాకపోయినా సమానమైతే ఒప్పుకోమని చెప్పండి, అప్పుడు క ట చ ప కి వెళ్తుంది, అక్కడి నుంచి ట, చ తారుమారైతే 10. సమానాన్ని ఒప్పుకోకుండా రాసిన లోకల్ సెర్చ్ ఈ రకం లెక్కల్లో దాదాపు ఎప్పుడూ తొందరగా ఆగిపోతుంది. మొత్తం కాలం సమానమైనప్పుడు ముగింపు సమయాల మొత్తాన్ని రెండో కొలతగా పెట్టుకోవచ్చు కదా అనిపించవచ్చు. పెట్టుకోవచ్చు, చాలాచోట్ల సాయం చేస్తుంది కూడా. కానీ ఇక్కడ చేయదు, రెండు జాబితాలదీ ఒకే షెడ్యూల్ అయినప్పుడు ఏ కొలత పెట్టినా తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే నాకు తారుమారు కంటే తీసి పెట్టడం ఇష్టం. ఒక పనిని జాబితాలోంచి తీసి, దాని ముందుపనుల్లో అందరికంటే వెనక ఉన్నదాని తర్వాత, దాని మీద ఆధారపడ్డ పనుల్లో అందరికంటే ముందున్నదానికి ముందు, ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడైనా పెట్టండి. జాబితా ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, విడిగా పరీక్షించే పని లేదు. ట పనికి ముందుపనులూ లేవు, ఆధారపడ్డవీ లేవు, కాబట్టి ట క చ ప నుంచి ఒకే అడుగులో క చ ట ప కి వెళ్ళిపోతుంది. మధ్యలో 12 దగ్గరే ఉండిపోయే చదును నేల అంతా ఒక్క గెంతులో దాటేశాం.

దూరంగా ఉన్న రెండు పనులని తారుమారు చేయాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఆ రెండింటి మధ్య సంబంధం లేకపోతే చాలు అనుకోకండి. క చ ట ప లో క, ట ఒకదానికొకటి సంబంధం లేనివే, తారుమారు చేస్తే ట చ క ప వస్తుంది, చ తన ముందుపని కంటే ముందుకి వచ్చేసింది. మధ్యలో ఉన్నవాటన్నిటినీ కూడా చూడాలి. ఈ తలనొప్పి పడేకంటే తీసి పెట్టడం మేలు.

మొదటి జాబితా ఎక్కణ్ణుంచి తేవాలి? వనరుల్ని పక్కన పెట్టి, చివరి నుంచి వెనక్కి లెక్కేసి, ప్రతి పనీ ఎంత ఆలస్యంగా ముగిసినా ఫర్వాలేదో కనుక్కోండి, తక్కువ గడువున్నది ముందు. మనకి క 1, చ 5, ట 10, ప 10. క, చ, తర్వాత ట, ప ఎలా పెట్టినా నేరుగా 10 వచ్చేస్తుంది. పెద్ద లెక్కల్లో ఇంత సులువుగా రాదు కానీ మొదలుపెట్టడానికి ఇంతకంటే ఖరీదైనది అనవసరం.

నష్టాన్ని కూడా అప్పుడప్పుడు ఒప్పుకోవాలంటే సిమ్యులేటెడ్ ఎనీలింగ్. ఫార్ములా మీకు 2వ పాఠంలోనే ఇచ్చాను. ఉష్ణోగ్రత, అంటే నష్టాన్ని ఎంత తరచుగా ఒప్పుకోవాలో తేల్చే అంకె, ఎంత పెట్టాలన్నదే అందరికీ టెన్షన్. మన కొలత రోజుల్లో ఉంది, ఒక అడుగుకి నష్టం మామూలుగా ఒకటి రెండు రోజులే, కాబట్టి ఆ అంకెలతోనే ఆలోచించండి. ఉష్ణోగ్రత 1 అయితే 1 రోజు నష్టాన్ని నూటికి 37 సార్లు, 2 రోజుల నష్టాన్ని 14 సార్లు, 3 రోజులైతే 5 సార్లు ఒప్పుకుంటుంది. 0.25కి దిగేసరికి 1 రోజు నష్టాన్ని కూడా నూటికి రెండు సార్లకి మించి ఒప్పుకోదు. నిడివులు ఈ స్థాయిలో ఉన్న లెక్కలకి నేను 2 దగ్గర మొదలుపెట్టి 0.2 దాకా మెల్లగా దించుతాను. ఎవరో వేరే లెక్కకి వాడిన 100ని తెచ్చి ఇక్కడ పెడితే చాలాసేపు వట్టి యాదృచ్ఛికంగా తిరుగుతుంది. టాబూ సెర్చ్ (వచ్చిన దారినే మళ్ళీ తిరగకుండా కొన్నిటిని కాసేపు నిషేధించే సెర్చ్) గురించి ఇక్కడ ఒక్కటే చెబుతాను: నిషేధించాల్సింది జాబితాని కాదు, ఇప్పుడే కదిపిన పనిని. ఒకే షెడ్యూల్‌కి వేల జాబితాలు ఉన్నప్పుడు జాబితాని నిషేధిస్తే అది పక్క జాబితాలోంచి దూరి అదే షెడ్యూల్‌కి తిరిగొస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉపాయం. కట్టిన షెడ్యూల్‌ని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి నెట్టడం. 12 వచ్చిన షెడ్యూల్ తీసుకోండి: క 0–1, ట 0–3, చ 3–7, ప 7–12. ముగింపు సమయం ఎక్కువ ఉన్న పని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదాన్నీ 12 దాటకుండా వీలైనంత కుడికి జరపండి. ప ఇప్పటికే 12 దగ్గర ఉంది, కదలదు. చ వెనక ప ఉంది, కదలదు. ట మీద ఎవరూ ఆధారపడలేదు, ప పక్కన ఇంకో యూనిట్ ఖాళీగా ఉంది, కాబట్టి అది 9–12కి వెళ్ళిపోతుంది. క 2–3కి జరుగుతుంది. ఇప్పుడు మొదటి పని మొదలయ్యేది 2 దగ్గర. అంటే నిడివి 10 అయిపోయింది, ఏ సెర్చ్ లేకుండానే! తర్వాత మొదలు సమయం తక్కువ ఉన్నదాని నుంచి అన్నిటినీ ఎడమకి: క 0–1, చ 1–5, ప 5–10, ట 5–8.

ఇలా రెండు వైపులా నెట్టడం వల్ల నిడివి ఎప్పుడూ పెరగదు, తగ్గితే తగ్గుతుంది లేకపోతే అలాగే ఉంటుంది. 1992లో లీ, విల్లిస్ ముందుకీ వెనక్కీ కట్టే ఈ పద్ధతిని చూపించారు. 2005లో వాల్స్, బాలెస్టిన్, కింటానిల్లా అప్పటికే ఉన్న రకరకాల అల్గారిథమ్‌లకి దీన్ని తగిలించి చూసి, చాలావాటి ఫలితాలు మెరుగయ్యాయని చూపించారు. జరిపే వరుస మాత్రం తప్పొద్దు: కుడికైతే ముగింపు సమయాల్లో పెద్దది ముందు, ఎడమకైతే మొదలు సమయాల్లో చిన్నది ముందు. ఇంకోటి, ఇలా నెట్టిన ప్రతిసారీ మీరు రెండు షెడ్యూళ్ళు అదనంగా కట్టినట్టే. రెండు సెర్చ్‌లని పోల్చేటప్పుడు వీటిని లెక్కలో కలపకపోతే పోలిక న్యాయంగా ఉండదు. ఈ రంగంలో 1000, 5000, 50000 షెడ్యూళ్ళు అని హద్దు పెట్టి పోల్చేది అందుకే, మీరూ సెకన్లు కాకుండా షెడ్యూళ్ళే లెక్కపెట్టండి.

ఎప్పుడు ఆపాలి? కింది హద్దుని, అంటే ఏ షెడ్యూలూ ఇంతకంటే తగ్గలేదని ముందే తెలిసిన అంకెని, తాకినప్పుడు. మన లెక్కలో ముందుపనుల గొలుసు పొడవు 10. వనరుల వైపు నుంచి చూస్తే 1×1 + 4×2 + 3×1 + 5×1 = 17, దాన్ని 2తో భాగిస్తే 8.5, అంటే 9 కంటే తక్కువ కాదు. రెండింట్లో పెద్దది 10, మన జవాబు కూడా 10, కాబట్టి ఇక వెతకక్కర్లేదు. అయితే ఈ రెండు హద్దులూ చాలాసార్లు అత్యుత్తమ జవాబు కంటే తక్కువగానే ఉండిపోతాయి, అప్పుడు మీ సెర్చ్ గెలిచిందో లేదో దానంతట అది చెప్పలేదు. ఇది బలమైన అర్థంలో ఎన్‌పీ-కఠినమైన సమస్య (అన్ని లెక్కలకీ త్వరగా అత్యుత్తమ జవాబిచ్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం) అని 1983లోనే బ్లజెవిచ్, లెన్‌స్ట్రా, రిన్నోయ్ కాన్ నిరూపించారు. నిరూపణతో సహా జవాబు కావాలంటే బ్రాంచ్ అండ్ బౌండ్, కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్ వైపు వెళ్ళాలి, అది 5వ పాఠం.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది పెన్సిల్‌తోనే చేయాలి, కోడ్ వద్దు.

పై లెక్కకి ఇంకో పని కలపండి. ల: 2 రోజులు, 2 యూనిట్లు, దేనితోనూ సంబంధం లేదు. సరైన జాబితాలు ఇప్పుడు 20 అవుతాయి. ఇరవైనీ రాసి, ప్రతిదాన్నీ వరుస పద్ధతిలో కట్టి, మొత్తం ఎన్ని వేర్వేరు షెడ్యూళ్ళు వచ్చాయో పట్టిక వేయండి. సమాంతర పద్ధతి ఏ నియమంతోనైనా 14 కంటే తక్కువ ఇవ్వలేదని చూపించండి. అన్నిటికంటే చిన్న జవాబు 12 రావాలి. ఇప్పుడు కష్టమైనది: గొలుసు పొడవు 10 అంటోంది, వనరుల భాగహారం 21ని 2తో భాగించి 11 అంటోంది, కానీ 11 రోజుల షెడ్యూల్ లేదు. ఎందుకు లేదో జాబితాలన్నీ కట్టి చూశాం అనకుండా నాలుగు వాక్యాల్లో నిరూపించండి. ఏయే పనులు ఎప్పటికీ ఒకేసారి నడవలేవో జతలు జతలుగా రాసుకుంటే దారి కనిపిస్తుంది.

రెండోది కోడ్ రాసేవాళ్ళకి. పీఎస్‌పీలిబ్ అని కోలిష్, స్ప్రెఖర్ తయారుచేసిన లెక్కల భాండాగారం ఉంది. అందులో జె30 సెట్ తీసుకోండి, 30 పనులు, 4 రకాల వనరులు, 480 లెక్కలు, అన్నిటికీ అత్యుత్తమ జవాబు తెలుసు. గడువు నియమంతో మొదటి జాబితా, తీసి పెట్టే అడుగులు, సమానాన్ని ఒప్పుకోవడం, లెక్కకి 1000 షెడ్యూళ్ళు. ఎన్నింటిలో అత్యుత్తమం దొరికిందో, దొరకని చోట సగటున నూటికి ఎంత ఎక్కువ వచ్చిందో రాసుకోండి. తర్వాత ఇదే సెర్చ్‌ని సమానాన్ని ఒప్పుకోకుండా ఒకసారి, కుడి ఎడమ నెట్టడం తగిలించి ఇంకోసారి నడపండి, మూడింటికీ హద్దు అదే 1000. ఒక జాగ్రత్త: ఆ 480లో 120 లెక్కలకి వనరుల బలం 1, అంటే అన్నీ వీలైనంత ముందు మొదలుపెట్టినా వనరు సరిపోతుంది. వాటిని అందరూ గెలుస్తారు. మిగిలిన 360కి అంకెలు విడిగా పంపండి.